లెదర్ పార్కుకు శంకుస్థాపన చేసే ముందు

సంపాదకులకు నమస్కారాలు.

తెలుగు రాష్ట్రాల్లో లెదర్ పార్కుల ప్రస్తావన మళ్లీ వినబడుతోంది. ఎన్ని ఎకరాలు, ఎంత పెట్టుబడి, ఎన్ని వేల ఉద్యోగాలు అన్న లెక్కలు వస్తున్నాయి గాని, ఒక గొర్రెతోలును పదును చేశాక, అంటే పచ్చితోలును కుళ్లకుండా వాడకానికి పనికొచ్చేలా మార్చాక, మిగిలే ఉప్పునీరు, ఆ పదునుకు వాడే క్రోమ్ లవణం కలిసిన నీరు ఎక్కడికి పోతాయన్న లెక్క, ఆ తోలును మొదట ఒలిచే మనిషికి ఏం దక్కుతుందన్న లెక్క ఎక్కడా కనబడడం లేదు. నెల్లూరు జిల్లాలో తోలుపని చేసే కుటుంబంలో పుట్టి, 31 ఏళ్లపాటు తమిళనాడులోని రాణిపేట, ఆంబూరు ప్రాంతాల ట్యానరీల్లో, అంటే తోళ్లు పదును చేసే కర్మాగారాల్లో, పనిచేసి, సున్నపు తొట్ల దగ్గర మొదలుపెట్టి సూపర్‌వైజరుగా విరమించినవాడిని. ఈ రెండు లెక్కలు తేలకుండా వేసే పునాదిరాయి నిలవదని నా అనుభవం చెబుతోంది. అందుకే ఈ లేఖ కొంచెం పొడుగైనా రాస్తున్నాను.

ముందు మన దగ్గర ఉన్నదేమిటో చూద్దాం. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలో 7.42 కోట్ల గొర్రెలుంటే, తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు ఉన్నాయి. అంటే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం మన రెండు రాష్ట్రాల్లోనే మేస్తున్నాయి. పైగా మన నెల్లూరు గొర్రె ఉన్ని గొర్రె కాదు, వెంట్రుక గొర్రె. ఉన్ని దట్టంగా ఉండే జాతులకంటే ఇలాంటి గొర్రెల తోలు గట్టిగా, ఒత్తుగా ఉంటుంది. చేతి తొడుగులకు, కోట్లకు, బూట్ల లోపలి లైనింగుకు ఇది చక్కగా సరిపోతుంది. అయినా హైదరాబాద్ జియాగూడ నుంచి, నెల్లూరు, అనంతపురం సంతల నుంచి ఈ తోళ్లు ఉప్పు చల్లించుకుని లారీలెక్కి చెన్నై పెరియమేట్‌కు, అక్కడినుంచి రాణిపేట, వాణియంబాడి, ఆంబూరు, దిండిగల్‌లకు వెళ్లిపోతాయి. బూటుగానో, బ్యాగుగానో తిరిగివచ్చినప్పుడు మనం కొనుక్కుంటాం. పశువులను పెంచిన యాదవ కురుమల ఇంట్లోగాని, తోలు ఒలిచినవారి ఇంట్లోగాని ఆ విలువలో నిలిచింది దాదాపు ఏమీ లేదు.

తోలు విలువ ఎక్కడ పోతుందో బయటివారికి తెలియదు. అది ఫ్యాక్టరీలో కాదు, కబేళా నేల మీద మొదటి గంటలోనే పోతుంది. ట్యానరీలో తోళ్లను రకాలుగా వేరుచేసే బల్ల దగ్గర నేను పదకొండేళ్లు నిలబడ్డాను. ఉప్పు దులిపిన తోలును మాంసం వైపు పైకి తిప్పి పరిచి, వెలుతురు పడేలా అంచు ఎత్తి పట్టుకుంటే కథంతా అక్కడే కనబడుతుంది. వెన్నుకు రెండు వైపులా బొటనవేలంత కత్తిగాటు ఉంటే ఆ తోలు ఒకటో రకం నుంచి మూడో రకానికి పడిపోతుంది. గాటు ఇవతలి నుంచి అవతలికి దిగిపోతే దాన్ని మధ్యకు కోసి చిన్న ముక్కల పనికి వాడడం తప్ప మార్గం లేదు. పిడుదులు కుట్టిన చుక్కలు, కంపచెట్టు ముళ్ల గీతలు, అమ్మవారు పోసిన గొర్రె మీద మిగిలిపోయిన మచ్చలు, ఇవన్నీ రంగు వేశాక ఇంకా బాగా బయటపడతాయి. మెడ దగ్గర, కాళ్ల దగ్గర కత్తి ఎక్కువగా వాడకుండా పిడికిలితో తోలు తోసి ఒలిచే పద్ధతి మా తండ్రికి తెలుసు. ఒక తోలు ఒలిచినా అందులో చిన్న గాటు పడిందంటే ఆయన దాన్ని ఎవరికీ చూపించేవాడు కాదు. ఇప్పుడు గంటకు ఇన్ని జీవాలని లెక్కపెట్టి కూలి ఇచ్చే చోట ఆ ఓపిక ఎవరికి ఉంటుంది? గాటు లేని తోలుకు రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చినా ఒలిచేవాడి చేయి మారుతుందని నేను ఎన్నోసార్లు యజమానులకు చెప్పాను, కొందరు విన్నారు కూడా. కాని తోలు కబేళా నుంచి నలుగురు దళారుల చేతులు మారి వస్తుంది గనుక ఆ రెండు రూపాయలు దారిలోనే ఆగిపోయేవి.

ఇప్పుడు ఆ రెండు రూపాయల మాట కూడా ఎత్తలేని రోజులు వచ్చాయి. నేను పనిలో చేరిన కొత్తలో మంచి మేకతోలును మాంసం కొట్టువాడు దాచిపెట్టి బేరమాడి అమ్ముకునేవాడు. గత పదేళ్లలో ధర ఎంత పడిపోయిందంటే, బక్రీదు మర్నాడు తోళ్లు కొనేవాడు లేక గోతుల్లో పూడ్చిన చోట్లను నేనే చూశాను. సింథటిక్ తోలు, రెక్సిన్, కాన్వాస్ బూట్లు చవకగా రావడం ఒక కారణం. ఉప్పు, కూలి, రవాణా ఖర్చు తోలు ధరను దాటిపోవడం మరో కారణం. మాంసం తినే సమాజంలో తోలు పుట్టక మానదు. దాన్ని వాడుకోకపోతే అది మురుగుకాలువలో కుళ్లుతుంది. ఈ పరిశ్రమ అసలు ఎందుకు, ప్లాస్టిక్ బూట్లు చాలవా అని అడిగే మిత్రులకు నేను చెప్పేది ఇదే. ఉప ఉత్పత్తిని పారేసి పెట్రోలియంతో చేసిన బూటు తొడుక్కోవడం పర్యావరణానికి మేలని నేను అనుకోను. కాని తోలును పదును చేసే పద్ధతి ఈ నేలకు, నీటికి చేసిన కీడును దాచి మాట్లాడడం కూడా తప్పే అవుతుంది.

ఆ కీడు పేరు చెప్పాలంటే పాలారు అనాలి. కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి, మన చిత్తూరు జిల్లా కుప్పం మీదుగా తమిళనాడులో అడుగుపెట్టే ఈ నది వాణియంబాడి, ఆంబూరు, రాణిపేటల పక్కనుంచి పారుతుంది. పారుతుందనడం అలవాటుకొద్దీ అన్నమాటే గాని, ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఇసుక మేటే. వాననీరు లేని నదిలోకి ట్యానరీల నీరు వదిలితే అది కొట్టుకుపోదు, భూమిలోకి దిగి బావుల్లో తేలుతుంది. 1996 ఆగస్టు 28న వేలూరు పౌర సంక్షేమ వేదిక కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదివినవారికి ఆ లెక్కలు గుర్తుండే ఉంటాయి. ట్యానరీల ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి పాక్షికంగానో పూర్తిగానో సాగుకు పనికిరాకుండా పోయిందని, దిండిగల్ ప్రాంతంలోని 13 గ్రామాల్లో తాగడానికి, తడికి వాడే 467 బావుల్లో 350 చెడిపోయాయని అందులో ఉంది. ఒక కిలో తోలు తయారు కావడానికి సుమారు 35 లీటర్ల నీరు పడుతుందని కూడా ఉంది. కలుషితం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం మన న్యాయశాస్త్రంలో గట్టిగా నిలబడింది ఆ తీర్పుతోనే. అప్పుడు ఒక్కో ట్యానరీకి 10,000 రూపాయల జరిమానా వేశారు. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత, 2025 జనవరి 30న, అదే పాలారు గురించి సుప్రీంకోర్టు మళ్లీ తీర్పు చెప్పి, బాధితులకు నష్టపరిహారం చెల్లించి కాలుష్యకారకుల నుంచి రాబట్టమని ప్రభుత్వాన్ని ఆదేశించవలసి వచ్చింది. 30 ఏళ్లలో నది బాగుపడి ఉంటే రెండో తీర్పు అవసరమయ్యేది కాదు.

కాలుష్యం అనగానే అందరూ క్రోమ్ పేరు చెబుతారు. నా అనుభవంలో మొదటి శత్రువు ఉప్పు. జీవం నుంచి వేరైన తోలు మన ఎండలకు నాలుగైదు గంటల్లోనే చెడడం మొదలవుతుంది కాబట్టి, దాని బరువులో దాదాపు 40 శాతం ఉప్పు పట్టించి నిల్వ చేస్తారు. ట్యానరీకి వచ్చాక మొదటి పని ఆ ఉప్పును నానబెట్టి కడిగేయడమే. క్రోమ్‌ను రసాయనంతో ముద్దగా దింపి మళ్లీ వాడుకోవచ్చు. సున్నాన్ని, కండను, వెంట్రుకను వడపోయవచ్చు. కాని నీటిలో కరిగిన ఉప్పును ఏ సూక్ష్మజీవీ తినదు, ఏ సున్నమూ దింపదు. ఆ నీటిని ఉప్పును ఆపేసే రివర్స్ ఆస్మాసిస్ పొరలగుండా నెట్టి, మిగిలిన చిక్కటి ఉప్పునీటిని ఆవిరి యంత్రాల్లో మరిగించాలి. తమిళనాడులో చుక్క నీరు బయటికి వదలరాదన్న నిబంధన వచ్చాక ఉమ్మడి శుద్ధి కేంద్రాలు ఈ పని చేస్తున్నాయి. ఆ మరిగింపుకు అయ్యే కరెంటు, కట్టెల ఖర్చు చిన్న ట్యానరీ నడుం విరుస్తుంది. అంత ఖర్చుపెట్టి చివరికి చేతికి వచ్చేది సంచుల కొద్దీ మురికి ఉప్పు. దాన్ని ఎవరూ కొనరు. షెడ్ల కింద గుట్టలుగా పోసి ఉన్న ఆ ఉప్పు మీద వానజల్లు పడకుండా టార్పాలిన్లు లాగి రాళ్లు పెట్టడం నా చివరి ఐదేళ్ల ఉద్యోగంలో రోజువారీ పని.

ఈ ఉప్పులో చాలా భాగాన్ని రాకముందే ఆపవచ్చు. తోళ్లను నానబెట్టే ముందు చెక్క చట్రం మీద వేసి దులిపితే పట్టిన ఉప్పులో కొంత గింజల్లాగే రాలిపోతుంది, దాన్ని మళ్లీ వాడుకోవచ్చు. కబేళాకు ఒకటి రెండు గంటల దూరంలోనే ట్యానరీ ఉంటే, చల్లబరిచే గది ఒకటి ఉంటే, ఉప్పు వేయకుండానే పచ్చితోలును తొట్టిలోకి తీసుకోవచ్చు. నెల్లూరు నుంచి రాణిపేటకు, హైదరాబాద్ నుంచి ఆంబూరుకు లారీలో పంపే తోలుకు ఇది సాధ్యం కాదు. మన రాష్ట్రాల్లో తోళ్ల పరిశ్రమ పెట్టడానికి నాకు కనిపించే అసలైన కారణం ఇదే. దీన్ని వాడుకోకుండా, ఉప్పు వేసిన తోళ్లతోనే మరో రాణిపేటను కట్టబోతే మనకు మిగిలేది మరో పాలారు.

క్రోమ్ సంగతి కూడా చెప్పాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆంగ్లేయ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ మద్రాసులో క్రోమ్ పదునుకు దారి తీశారు. చెన్నై శివారు క్రోంపేటకు ఆ పేరు అక్కడి క్రోమ్ లెదర్ కంపెనీ వల్ల వచ్చిందే. అంతకుముందు మా ఊళ్లో లంద అంటే తంగేడు చెక్క, కరక్కాయ, నల్లతుమ్మ బెరడు నానిన నీళ్లు. తోలు పదునెక్కడానికి వారాలు పట్టేది. డ్రమ్ములో క్రోమ్‌తో ఆ పని ఒక్క రోజులో అయిపోతుంది, తోలు మెత్తగా వస్తుంది, వేడికి ముడుచుకోదు. అందుకే ప్రపంచంలో తయారయ్యే తోలులో చాలా భాగం క్రోమ్ తోలే. కాని మామూలు పద్ధతిలో డ్రమ్ములో వేసిన క్రోమ్‌లో మూడింట రెండు వంతులే తోలు పట్టుకుంటుంది, మిగతాది నీటిలో పోతుంది. తోలులో ఉండే మూడు వేలెన్సీ క్రోమ్ అంతగా హాని చేయదు. అది ఆరు వేలెన్సీకి మారితే క్యాన్సర్ కారకం. అందుకే యూరోపియన్ యూనియన్ 2015 మే 1 నుంచి ఒంటికి తగిలే తోలు వస్తువుల్లో అది కిలోకు 3 మిల్లీగ్రాములకు మించరాదన్న నిబంధన పెట్టింది. రాణిపేటలో మూతబడిన ఒక క్రోమేట్ కర్మాగారం వదిలివెళ్లిన వ్యర్థాల గుట్ట దశాబ్దాలుగా అక్కడే పడి ఉంది. వానాకాలంలో దాని చుట్టుపక్కల పసుపుపచ్చగా ఊరే నీటిని చూసినవారు ఆ రంగును మరచిపోరు.

వెనక్కి, తంగేడు చెక్కకే పోదామని నేను అనడం లేదు. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం, మా తాతల వృత్తికి ఆధారం. అయినా కోట్ల తోళ్లకు సరిపడా చెక్క ఒలిస్తే గుట్టల మీద ఒక్క చెట్టు మిగలదు. తోళ్ల పరిశ్రమ పెరిగాక తంగేడు చెక్క చాలక దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ సారం తెచ్చుకున్న చరిత్ర మనకు ఉంది. కావలసింది క్రోమ్‌ను వృథా కాకుండా వాడడం, మిగిలినదాన్ని తిరిగి తీసుకోవడం. దానికి విదేశాల వైపు చూడనక్కరలేదు. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ నీరు లేకుండా క్రోమ్ పదును చేసే పద్ధతిని రూపొందించింది. వెంట్రుక రాల్చడానికి సల్ఫైడ్ బదులు ఎంజైములు వాడే పద్ధతులూ అక్కడ తయారయ్యాయి. 1948లో మొదలైన ఆ సంస్థను 1958 నుంచి 1971 దాకా నడిపినవారు తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు. ప్రయోగశాలలో తేలిన సంగతి తోలు పనివాడి తొట్టి దాకా చేరకపోతే దానికి అర్థం లేదని నమ్మిన శాస్త్రవేత్త ఆయన. మన గుంటూరు జిల్లా మనిషి పెంచిన సంస్థ విజ్ఞానం మన జిల్లాల ట్యానరీలకు అందడం లేదంటే లోపం ఆ సంస్థలో కన్నా, దాన్ని అడిగి తెచ్చుకోని మన ప్రభుత్వాల్లోనే ఎక్కువ ఉంది.

ఈ పరిశ్రమలో పనిచేసే మనుషుల ప్రాణాల గురించి మాట్లాడేవారు చాలా తక్కువ. వెంట్రుక రాల్చిన తొట్టి నీటిలో సల్ఫైడ్ ఉంటుంది, పదునుకు ముందు వాడే నీటిలో ఆమ్లం ఉంటుంది. ఈ రెండూ ఒకే కాలువలో, ఒకే గోతిలో కలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. మొదట కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. గాఢత పెరిగాక ముక్కు మొద్దుబారి ఆ కంపు తెలియదు. వాసన పోయింది, ఇక దిగవచ్చు అనుకున్నప్పుడే మనిషి చనిపోతాడు. 1990ల్లో నేను పనిచేసిన ఒక ట్యానరీలో పూడిక తీయడానికి సంపులో దిగినవాడు కూలిపోతే అతన్ని లాగడానికి ఇంకొకడు, ఆ ఇద్దరికోసం మూడోవాడు దిగారు. ముగ్గురిలో ఒక్కడే బతికాడు. తాడుకు కట్టిన బకెట్టు ఆ రోజంతా సంపు అంచున అలాగే ఉండిపోయింది. నిచ్చెన ఉంది, తాడు ఉంది, గాలి పరీక్షించే పరికరం మాత్రం లేదు. దాని ఖరీదు అప్పట్లో ఒక డ్రమ్ము తోళ్ల ఖరీదులో చిన్న భాగం. 2015 జనవరి 31న రాణిపేటలో ఉమ్మడి శుద్ధి కేంద్రం బురద ట్యాంకు గోడ కూలి, పక్క ట్యానరీలో నిద్రపోతున్న 10 మంది కార్మికులు చనిపోయారు. వారిలో ఎక్కువమంది పశ్చిమ బెంగాల్ నుంచి బతకడానికి వచ్చినవారు. నదిని కాపాడడానికి కట్టినది మనుషులను చంపిందంటే, కట్టిన తీరును, నడిపిన తీరును అడిగినవాడు లేడనే అర్థం.

ఎక్కడో దూరాన కాదు, పక్కనున్న బంగ్లాదేశ్‌లో ఇటీవల జరిగినదాన్ని మన అధికారులు తప్పక చదవాలి. ఢాకాలో హజారీబాగ్ ట్యానరీలు దశాబ్దాలుగా బూడిగంగా నదిని పాడుచేశాయి. 2017 ఏప్రిల్‌లో కోర్టు ఉత్తర్వు మేరకు వాటికి కరెంటు, గ్యాసు, నీరు కోసేసి సావార్‌లో కొత్తగా కట్టిన తోళ్ల పట్టణానికి పంపారు. పంపినప్పటికి అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం పూర్తి కాలేదు, ఉప్పును తీసే ఏర్పాటు అసలే లేదు. ఫలితంగా కాలుష్యం ఆగకుండా ధలేశ్వరి నదికి మారింది. శుద్ధి సరిగా లేనందువల్ల అంతర్జాతీయ కొనుగోలుదారులు అడిగే లెదర్ వర్కింగ్ గ్రూప్ ధ్రువీకరణ అక్కడి ట్యానరీల్లో చాలావాటికి దక్కలేదు. అది దక్కక మంచి ధర ఇచ్చే యూరప్ కంపెనీలు దూరమయ్యాయి, తోళ్లు చవకగా అమ్ముకోవలసి వచ్చింది. ముందు ఫ్యాక్టరీలు, తర్వాత శుద్ధి అన్న క్రమానికి ఇంతకంటే ఖరీదైన పాఠం ఉండదు.

మన దగ్గర కూడా క్రమం అలాగే మొదలైంది. నెల్లూరు జిల్లాలో కృష్ణపట్నం సమీపాన అంతర్జాతీయ లెదర్ కాంప్లెక్స్ పెడతామన్న ప్రతిపాదన ఉమ్మడి రాష్ట్రం నాటిది. అది ఏళ్ల తరబడి కాగితాల మీదే నలిగింది. ఆ సముద్రపు నీటి మీద, ఆ చెరువుల మీద బతికే మత్స్యకారులు, రొయ్యల రైతులు అడిగే ప్రశ్నలను ఆటంకాలుగా చూడడం అన్యాయం. వారి ఊళ్లో పరిశ్రమ పెట్టబోయేవారు మొదట జవాబు చెప్పవలసింది వారికే. తోలుపని కులాల మేలు కోసం ఉమ్మడి రాష్ట్రంలో 1970ల్లో పుట్టిన ప్రభుత్వ తోళ్ల పరిశ్రమల అభివృద్ధి సంస్థ లిడ్‌క్యాప్ ఒకనాడు శిక్షణలు, ఉత్పత్తి కేంద్రాలు నడిపింది. ఇప్పుడు దాని చేతిలో ఉన్నది చాలాచోట్ల స్థలాలే. ఆ స్థలాలను వేరే పనులకు ఇచ్చేస్తున్నారన్న ఆందోళన మా వాళ్లలో ఉంది. ఒకవేళ పార్కు వచ్చినా, పెట్టుబడి ఉన్న బయటివాళ్లు ప్లాట్లు తీసుకుని, మాదిగ యువకులు మళ్లీ సున్నపు తొట్ల దగ్గర కూలికి నిలబడతారేమోనన్న భయమూ ఉంది. అది ఉత్తుత్తి భయం కాదు. ఆంబూరు, వాణియంబాడిలలో నాలాంటి వందలాది తెలుగువాళ్లు చేసింది ఆ పనే. ట్యానరీ యజమాని అయినవాళ్లను మాలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇంకో భయం గురించి రాయకపోతే ఈ లేఖ సగమే అవుతుంది. 2016 జూలైలో గుజరాత్ ఊనాలో చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న దళిత యువకులను కొట్టిన సంఘటన దేశమంతా చూసింది. మరుసటి నెలలోనే మన అమలాపురంలో అలాగే తోలు ఒలుస్తున్న ఇద్దరు దళిత అన్నదమ్ములను, గోవును చంపారన్న అనుమానంతో చెట్టుకు కట్టి కొట్టారు. ఊరి పశువు చచ్చిపోతే కబురు పంపేది మా వాళ్లకే, ఒలిచినందుకు కొట్టించుకునేదీ మా వాళ్లే. అప్పటి నుంచి మా బంధువుల్లో రెండు మూడు ఇళ్లవాళ్లు చచ్చిన పశువును ముట్టడం మానేశారు. ఆ తోళ్లు ఇప్పుడు ఊరి బయట కుక్కల పాలవుతున్నాయి. చట్టబద్ధంగా పోగైన తోలు మోసుకెళ్లే బండికి దారిలో రక్షణ లేనంతకాలం ముడిసరుకు కొరత గురించి మాట్లాడి ప్రయోజనం లేదు.

ఢిల్లీ విధానాల గురించి క్లుప్తంగా చెబుతాను. 1973లో పచ్చితోళ్ల ఎగుమతి ఆపి, సగం పదునైన తోళ్ల ఎగుమతిని తగ్గించి, బూట్లు, వస్తువులుగా అమ్మాలన్న దారి పట్టడం వల్లనే ఆంబూరులో ఇన్ని బూట్ల ఫ్యాక్టరీలు లేచాయి. ఈ రంగంలో దేశమంతటా సుమారు 44 లక్షల మంది బతుకుతున్నారని ప్రభుత్వమే చెబుతోంది. 2025-26 బడ్జెట్‌లో బూట్లకు, తోలుకు ప్రత్యేక పథకం ప్రకటించారు. వెట్ బ్లూ, అంటే క్రోమ్ పదునై ఇంకా తడిగా ఉన్న తోలు దిగుమతిపై సుంకం తీసేశారు, క్రస్ట్, అంటే పదునై ఆరాక ఆఖరి మెరుగు పెట్టని తోలు ఎగుమతిపై ఉన్న 20 శాతం సుంకాన్నీ తొలగించారు. చిన్న ట్యానరీకి క్రస్ట్ తోలు అమ్ముకునే వెసులుబాటు దొరికిన మాట నిజమే గాని, నీళ్లను పాడుచేసే దశ అంతా ఇక్కడ పూర్తిచేసి, విలువ పెరిగే ఆఖరి దశను వేరే దేశానికి అప్పగించే ప్రమాదం అందులో ఉంది. తోలు, తోలు వస్తువుల ఎగుమతులు 2022-23లో సుమారు 526 కోట్ల డాలర్లు ఉండగా 2023-24లో 469 కోట్ల డాలర్లకు తగ్గాయి. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుపై సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఆంబూరులో బూటు పైభాగాలు కుట్టే ఆడవాళ్లకు షిఫ్టులు తగ్గాయని నాతో పనిచేసినవారు ఫోన్ చేసి చెప్పారు. రెండు మూడు దేశాల కొనుగోలుదారుల మీదే ఆధారపడిన పరిశ్రమలో సుంకం మొదట తగిలేది వారికే.

మన తడ దగ్గర మాంబట్టులో అపాచీ సంస్థ అడిడాస్ బూట్లు తయారు చేస్తోంది. వేలమంది ఆడపిల్లలకు పని దొరికింది, నాకూ సంతోషమే. కాని ఆట బూట్లకు తోలు అవసరం చాలా తక్కువ. ఆ ఫ్యాక్టరీలను చూపించి మన తోళ్ల పరిశ్రమ బాగుందని చెప్పుకుంటే, పక్కనే గోతుల్లో పడుతున్న గొర్రెతోళ్ల సంగతి అలాగే ఉండిపోతుంది.

కాబట్టి రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను మీ పత్రిక ద్వారా నేను కోరేది ఇది. పార్కుకు స్థలం చూసే ముందు కబేళాలను చూడండి. జియాగూడ, చెంగిచెర్ల, నెల్లూరు వంటి చోట్ల తోలు పోగయ్యే నేల శుభ్రంగా, నీడగా ఉండేటట్లు చేయండి, ఒలిచేవారికి శిక్షణ ఇచ్చి, గాటు లేని తోలుకు అదనపు ధర వారి చేతికే చేరేలా సహకార సంఘం పెట్టండి, పక్కనే చల్లబరిచే గది కట్టండి. దీనికయ్యే ఖర్చు ఒక పార్కు ప్రహరీగోడ ఖర్చును మించదు. ఆ తర్వాత ట్యానరీలకు అనుమతి ఇవ్వండి. మొదటి డ్రమ్ము తిరగడానికి ముందే ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉప్పు తీసే ఏర్పాటుతో సహా పూర్తయి, ఆరు నెలలు నడిచి చూపాలి. నీరు లేని క్రోమ్ పదును, ఉప్పు దులపడం, క్రోమ్ తిరిగి తీయడం అనుమతి పత్రంలోనే షరతులుగా ఉండాలి. సంపుల్లో మనిషి దిగడాన్ని పూర్తిగా నిషేధించాలి. ప్లాట్లలో సగానికి తక్కువ కాకుండా తోలుపని కుటుంబాల సంఘాలకు, బ్యాంకు రుణంతో పాటు, కేటాయించాలి, వాటిని మరొకరికి బదలాయించకుండా కట్టడి ఉండాలి.

చివరగా ఒక చిన్న విన్నపం. శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో ఉప్పు ఎంత, క్రోమ్ ఎంత అన్నది ప్రతిరోజూ కొలిచి, పార్కు గేటు దగ్గర పెద్ద బోర్డు మీద తెలుగులో రాయించండి. చుట్టుపక్కల బావుల కొలతలు కూడా దాని కిందే రాయించండి. నేను పనిచేసిన చోట్ల ఆ అంకెలు ల్యాబు రిజిస్టరులో ఉండేవి, ఆ రిజిస్టరు బీరువాలో ఉండేది, తాళం మేనేజరు దగ్గర ఉండేది. బావి నీళ్లు తాగేవాడికి మాత్రం ఆ అంకె ఎన్నడూ తెలియలేదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ట్యానరీ సూపర్‌వైజరు,
నెల్లూరు